కేక దూరంలో వైఫై

మొన్న కాలేజీ ల్యాబులో ఇద్దరమ్మాయిలు నన్ను పిలిచారు. వాళ్ళ ప్రాజెక్టు బోర్డు, అంటే అరచేతిలో ఇమిడిపోయే చిన్న కంప్యూటరు, ఎంతసేపైనా వైఫైకి కలవడం లేదట. వెళ్ళి చూస్తే, దుమ్ము పడకూడదని దాన్ని స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి, మూత కూడా బిగించి, ఎదురుగా దిగులుగా కూర్చుని ఉన్నారు.

"మూతి కట్టేసి మాట్లాడమంటే అదెట్టా మాట్లాడుద్దే?" అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. నేను పాఠం చెప్పే భాష అది కాదు. ఆ గొంతు కూడా నాది కాదు. పక్క గదిలోంచి ఫిజిక్సు ఆయన తొంగిచూశాడు కూడా. ఆ మాటా ఆ గొంతూ మా అత్తవి. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళు కలలోకి వస్తారంటారు గానీ, మా అత్త నా నోట్లోకి వచ్చింది. ఆవిడ వచ్చేదంటూ ఉంటే అక్కడికే వస్తుంది మరి.

అత్త అంటే మా నాన్నకి అక్క. ఊరు సత్తెనపల్లికి దగ్గర్లో. మిరప, పత్తి వ్యవసాయం. మామయ్య పోయాక పొలమంతా తనే చూసుకునేది. చూసుకునేది అనడం కన్నా, పిలుచుకునేది అంటే సరిగ్గా ఉంటుంది. ఆవిడ వ్యవసాయంలో సగం గొంతుతోనే నడిచేది. ఇంటి వరండాలో నిలబడి, చీర కుచ్చిళ్ళు ఒకసారి సర్దుకుని, కుడిచెయ్యి నోటి పక్కన పెట్టుకుని "మస్తానమ్మా!" అని పిలిస్తే, రోడ్డవతల, గొడ్లచావిడి దాటాక ఉన్న కల్లంలో మస్తానమ్మ నడుం నిటారయ్యేది. కల్లమంటే మిరపకాయలు ఆరబోసే జాగా. మస్తానమ్మ అక్కడి కూలీలకి పెద్ద. "అన్నాలకి రండర్రా!" అని అత్త కేకేస్తే, ఆవిడ కూలీలే కాదు, చుట్టుపక్కల చేలల్లో ఉన్న పరాయి కూలీలు కూడా పని ఆపి అన్నానికి పోయేవాళ్ళు. దాని మీద తగాదాలు కూడా జరిగాయి.

ఫోనులోనూ అదే గొంతు. ఫోను లోపల ఒక తీగ ఉంటుందనీ, అది మాటని మోసుకుపోతుందనీ ఆవిడ ఎన్నడూ నమ్మలేదు. తన సొంత బలంతోనే గుంటూరు దాకా మాట పంపించేది. నేను ఫోను బల్ల మీద పెట్టి, పేపర్లు దిద్దుకుంటూ, మధ్యమధ్యలో ఊ కొట్టేదాన్ని.

అంత గొంతున్న మనిషి, వినేటప్పుడు మాత్రం చాలా సున్నితంగా వినేది. కల్లంలో కాయలు ఎండాయో లేదో చూడటానికి అందరూ కాయని విరిచి చూస్తారు. అత్త ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా ఊపేది. లోపల గింజలు గలగలమంటే "పలుకుతోంది" అనేది. లేకపోతే "ఇది ఇంకా నోరు విప్పలేదు, ఇంకో ఎండ పడాలి" అని కుప్పలో వేసేసేది. ఆ క్షణం కల్లంలో ఎవరూ మాట్లాడకూడదు.

ఆ పక్క కల్లం మా చిన్నమామయ్యది. అంటే అత్తకి మరిది. రెండు కల్లాలకీ మధ్య చిన్న గట్టు తప్ప ఏమీ లేదు. వదినామరుదుల మధ్య మాత్రం మాటల్లేవు. కారణం పొలం కాదు, ఇల్లు కాదు. చిన్నమామయ్య ఇంట్లో ఏదో విందు జరుగుతుంటే, చిలకలొచ్చి జొన్న కంకులన్నీ కొట్టేస్తున్నాయని ఎవరో గోలపెట్టారట. చిన్నమామయ్య పప్పు వడ్డిస్తూ "మాకా బాధ లేదు. మా వదిన గొంతుకి మా చుట్టుపక్కల చిలకలన్నీ ప్రకాశం జిల్లాకి పోయినయి" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. అత్త కూడా నవ్విందనే అంటారు చూసినవాళ్ళు. మర్నాటి నుంచి మాత్రం మరిదితో మాట మానేసింది. ఊళ్ళో కుక్కతో కూడా మాట్లాడే మనిషి ఒకరితో మాట మానేసిందంటే, ఆవిడ చేతిలో ఉన్న పెద్ద శిక్ష అదే.

అయితే చెప్పాల్సినవి ఉంటాయి కదా. అందుకని గేదెతో చెప్పేది. చావిడి దగ్గర గేదె మూపు మీద చెయ్యి వేసి "ఏమే, చూశావా? కొందరు మందు కొట్టేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోరు. ఆ మందంతా మన చేలో పడుతోంది" అనేది. గట్టు అవతల చిన్నమామయ్య తన ట్రాక్టరు బానెట్ తుడుస్తూ, ట్రాక్టరుతో "మనకి గాలి దారి మళ్ళించే విద్య రాదురా అబ్బాయ్" అనేవాడు. గేదే ట్రాక్టరూ అట్లా కొన్నేళ్ళు మాట్లాడుకున్నాయి.

అలాంటి రోజుల్లో అత్తకి మోకాలి ఆపరేషను అయింది. అయింది ఎప్పుడు? సరిగ్గా కాయలు కల్లంలోకి వచ్చాక. గుంటూరు డాక్టరు ఇంట్లోనే నాలుగడుగులు తప్ప గడప దాటొద్దన్నాడు.

"కాయలు కల్లంలో ఉన్నయ్యండీ" అంది అత్త.

"మోకాలు మంచం మీద ఉండాలమ్మా" అన్నాడాయన.

అత్త మంచం ఇంటి వెనకవైపు గదిలో. అక్కడి నుంచి ఎంత కేకేసినా గోడలే వింటాయి. మొదటి వారంలో మస్తానమ్మ వచ్చి కబుర్లు చెప్పిపోయేది. అత్తకి అవి ఆనలేదు. నాకు ఫోను చేసింది.

"ఏమే, కంప్యూటర్లు చెబుతావు గదా పిల్లలకి. ఆ కల్లాన్ని ఎట్టాగైనా నా మంచం దగ్గరికి పట్టుకురా."

నేను సరేనన్నాను. నా దగ్గరున్న ఒక పాత చిన్న బోర్డుకి కెమెరా తగిలించి, కల్లం పక్కనున్న మోటారు షెడ్డులో పెడితే, ఇంట్లో ఉన్న వైఫై అందుకుని బొమ్మ టీవీకి పంపుతుంది. అత్త ఇంట్లో సీరియళ్ళ కోసం నెట్టు ఎలాగూ ఉంది. షెడ్డులో కరెంటూ ఉంది. గుంటూరులో నా బల్ల మీద అది గుక్క తిప్పుకోకుండా పనిచేసింది. ఆ ధీమాతో ఆదివారం బస్సెక్కాను.

అత్త ఇంట్లో దానికి నెట్టు కనపడనే లేదు. నా ఫోనుకి కనపడుతోంది, టీవీకి కనపడుతోంది, బోర్డుకి మాత్రం ఆ ఇంట్లో అసలు వైఫై ఉన్నట్టే తెలియడం లేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆపి, మళ్ళీ వెలిగించి, పాస్‌వర్డు మళ్ళీ కొట్టి చెమటలు కక్కుతుంటే, అత్త పైనుంచి చూస్తూ ఉంది.

"దాన్ని తిట్టకే. అలిగిందేమో."

చివరికి తెలిసింది. "అత్తా, మీ ఇంట్లో రూటరు రెండు గొంతులతో మాట్లాడుతుంది. ఒకటి సన్న గొంతు. గబగబా మాట్లాడుతుంది కానీ గోడ దాటదు. రెండోది లావు గొంతు. కాస్త నిదానం, కానీ దూరం పోతుంది. ఈ బోర్డు పాతది, దీనికి లావు గొంతే వినపడుతుంది. ఎవరో ఆ లావు గొంతుని ఆపేశారు."

అత్త దిండు మీదనుంచి లేచి కూర్చుంది.

"నా ఇంట్లో లావు గొంతు నొక్కిందెవరే?"

మా బావ. అంటే ఆవిడ కొడుకు. పండక్కి వచ్చినప్పుడు స్పీడు కోసమని ఏదో మార్చి వెళ్ళాడు. అత్త అప్పటికప్పుడు ఫోను చేసి, నెట్టుకి సంబంధించినవీ సంబంధించనివీ అన్నీ కలిపి తిట్టింది. నేను ఈలోగా సెట్టింగు మార్చాను. బోర్డు వెంటనే కలిసింది. టీవీలో నా కాళ్ళు కనపడ్డాయి. అత్త సంతోషించి "లావు గొంతు ఉండాలే ఇంట్లో" అంది.

రూటరుని ముందు గదిలో, రోడ్డు వైపు కిటికీలో పెట్టి, బోర్డు తీసుకుని కల్లానికి పోదామని చూస్తే బోర్డు లేదు. అత్త మస్తానమ్మని పిలిపించి దాన్ని తన స్టీలు క్యారేజీ గిన్నెలో పెట్టించి, ఉడతలు కొరకకుండా మూత పెట్టి, కెమెరా మాత్రం బయటికి వేలాడేట్టు చేసి, పట్టుకుపొమ్మంది. నేను వెనకాలే పరిగెత్తాను. షెడ్డులో అది మేకుకి వేలాడుతోంది. సిగ్నలు సున్నా. మూత తీస్తే వచ్చింది. పెడితే పోయింది. తిరిగొచ్చి, ఇనుమూ స్టీలూ అడ్డం ఉంటే వైఫై దాటలేదని చెప్పాను. అత్త అర్థం చేసుకుని మస్తానమ్మ వైపు తిరిగి, "మూతి కట్టేసి మాట్లాడమంటే అదెట్టా మాట్లాడుద్దే?" అని కసిరింది, ఆ పని చేసింది మస్తానమ్మే అయినట్టు.

ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాక కల్లం మంచం దగ్గరికి వచ్చింది. ఎర్రటి కాయలు టీవీ నిండా పరుచుకున్నాయి. ఆడవాళ్ళు రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అత్త దిండు మీదనుంచి ముందుకు వంగి చూసింది. తర్వాత అనుమానంగా అడిగింది.

"ఇది ఇప్పటిదా, ఇందాకటిదా?"

"ఇప్పటిదే అత్తా."

నమ్మలేదు. మస్తానమ్మకి ఫోను చేసి "ఏదీ, చెయ్యెత్తు" అంది. టీవీలో మస్తానమ్మ వంగి కాయలు ఏరుతూనే ఉంది.

"ఎత్తవేమే?"

"ఎత్తాగదమ్మా!"

"ఎక్కడెత్తావు? వంగి ఏరుతున్నావు. నాకు కనపడదనుకున్నావా?"

"దేవుడి మీదొట్టమ్మా, ఎత్తి, మళ్ళీ దించా!"

అప్పుడు టీవీలో మస్తానమ్మ తీరిగ్గా చెయ్యెత్తింది. బొమ్మ అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి కాస్త టైము పడుతుందనీ, ఆలస్యం బొమ్మదే కానీ మస్తానమ్మది కాదనీ నేను ఎంత చెప్పినా అత్త ఒప్పుకోలేదు. "బొమ్మకేం పనే ఆలస్యం చెయ్యడానికి? అదేమన్నా కూలీకి వచ్చిందా?" అంది. ఆ సీజనంతా మస్తానమ్మ, పాపం, తాను చేసేసిన పనులకి చెయ్యలేదని తిట్లు తింటూనే ఉంది.

నేను గుంటూరు వచ్చేశాక ఫోన్లు మొదలయ్యాయి. "ఆగిపోయింది" అనేది అత్త, హలో కూడా లేకుండా. నేను క్లాసులో ఉంటే పిల్లలందరికీ వినపడేది.

"ఎర్ర లైటు వెలుగుతోందా అత్తా?"

"ఉండు, అడుగుతా" అని ఇంకో ఫోనులో మస్తానమ్మని అడిగేది. "మిణుకుమిణుకుమంటోందంట. ప్రాణం పోతున్నట్టుంది అంటోంది."

మిణుకుమంటోందంటే కరెంటు చాలడం లేదన్నమాట. నేను దానికని ప్రత్యేకంగా మంచి చార్జరు ఇచ్చి వచ్చాను. విచారించగా తేలిందేమిటంటే, ఆ చార్జరుతో ఫోను తొందరగా నిండుతోందని మస్తానమ్మ కనిపెట్టింది. దాన్ని తన ఫోనుకి పెట్టుకుని, తన పాత చార్జరుని బోర్డుకి పెట్టింది. "నా ఫోనులో చార్జింగు లేకపోతే మీరు పిలిస్తే పలికేదెట్టాగమ్మా?" అని ఆవిడ అత్తనే ఎదురు అడిగింది. చివరికి నేను ఇంకొకటి కొని పంపాను. అప్పటి నుంచి మిణుకులు ఆగాయి.

కానీ ఇంకో జబ్బు మిగిలింది. ఉదయం చక్కగా ఉండేది, సాయంత్రం చక్కగా ఉండేది, మధ్యాహ్నం మాత్రం బొమ్మ బిగుసుకుపోయేది. కాయల మీద వాలిన కాకి కూడా అట్లాగే కదలకుండా ఉండేది. "అన్నం తిన్నాక కునుకు తీస్తోందే" అంది అత్త. నేను మాత్రం ఎండకి వేడెక్కుతోందని తీర్మానించాను. ఇంకో ఆదివారం వెళ్ళి డబ్బాకి చిల్లులు పెట్టాను. తడి గోనెపట్టా కప్పి నీడ చేశాను. మధ్యాహ్నం అయ్యేసరికి మళ్ళీ బిగుసుకుంది. డబ్బా ముట్టుకుంటే చల్లగా ఉంది. చదువుకున్నదంతా తిరగేసి మార్చగలిగినవన్నీ మార్చాను. ఏమీ లాభం లేకపోయింది.

ఆఖరికి ఫోను చేతిలో పట్టుకుని, సిగ్నలు గీతలు చూసుకుంటూ, షెడ్డు నుంచి ఇంటి వైపు అడుగులో అడుగు వేస్తూ నడిచాను. చావిడి వెనకాల వేపచెట్టు దాటేసరికి గీతలు ఉన్నట్టుండి నిండుగా లేచాయి. వెనక్కి తిరిగి చూశాను. చిన్నమామయ్య ట్రాక్టరు, దాని వెనక ఇనప ట్రక్కు. ఆయన రోజూ మధ్యాహ్నం భోజనానికి పోతూ, నీడ కోసం ఆ చెట్టు కింద పెడతాడు, తినొచ్చి అక్కడే కునుకు తీస్తాడు. కిటికీలో రూటరుకీ షెడ్డులో బోర్డుకీ సరిగ్గా మధ్యలో అది ఇనపగోడలా నిలబడి ఉంది.

నవ్వుకుంటూ వచ్చి అత్తకి చెప్పాను. అత్త నవ్వలేదు.

"ట్రక్కు కొంచెం పక్కకి పెట్టమంటే సరిపోతుంది అత్తా. నేను అడిగొస్తా."

"నువ్వు అడిగితే నేనడిగినట్టే."

"పోనీ మస్తానమ్మని..."

"మస్తానమ్మ అడిగితే కూడా నేనడిగినట్టే. మంచం మీదుంటే మెత్తబడిందనుకుంటాడు. ఆయన ట్రక్కు జరపక్కర్లేదు, నువ్వే ఆ వైఫైని ట్రక్కు మీదనుంచి పోనీ."

అప్పటికి వాకరు పట్టుకుని వరండా దాకా నడవడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. కాసేపటికి అత్త వరండాలోకి వచ్చి, చావిట్లోని గేదెకి వినపడేట్టు "ఏమే, కొందరు నీడలో బండి పెడతారు. ఆ నీడ వెనకాల ఎవరికి చీకటి పడుతుందో చూసుకోరు" అంది. గేదె నెమరు వేసింది. చెట్టు కింద నుంచి చిన్నమామయ్య గొంతు వినపడింది. "ఇదేందిరా అబ్బాయ్, చెట్టు నీడకి కూడా తగాదా వచ్చేట్టుంది!" ఆయనకి సంగతి అర్థం కాలేదు. ఆ మాటల్లోంచి వైఫై సంగతి ఎవరికి మాత్రం అర్థమవుతుంది?

సరే, ట్రక్కు మీదనుంచే పోనిద్దామని తర్వాతి ఆదివారం ఒక పొడుగాటి వెదురుబొంగు సంపాదించి, రూటరుని దాని చివర కట్టి డాబా మీద నిలబెట్టడానికి సిద్ధమయ్యాను. మధ్యాహ్నం. ట్రక్కు చెట్టు కింద ఉంది. కూలీలు అన్నాలకి పోయారు. నేను డాబా మీద బొంగుతో కుస్తీ పడుతుంటే చల్లటి గాలి తగిలింది. పడమర వైపు చూస్తే ఆకాశం నల్లగా ముడుచుకుని వచ్చేస్తోంది. ఆ రోజుల్లో వాన పడే మాటే లేదు. కల్లంలో కాయలన్నీ ఆరుబయట పరిచి ఉన్నాయి. ఏడాది కష్టమంతా ఆ నేల మీదే. తడిసిన కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది. ఎవడూ ముట్టుకోడు.

"అత్తా! మబ్బేసింది! వాన వచ్చేట్టుంది!" అని డాబా మీదనుంచి అరిచాను.

లోపల్నుంచి అత్త తాపీగా జవాబిచ్చింది. "ఎక్కడే వాన? ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఇదిగో, కనపడుతుంటే!"

టీవీలో బొమ్మ ఎప్పుడో బిగుసుకుపోయి ఉంది. అందులో ఎండ, కాయలు, కదలని కాకి. ఇన్నాళ్ళూ ఇప్పటిదా ఇందాకటిదా అని పీక్కుతిన్న మనిషి, ఆ రోజు నా మాట కాదని టీవీని నమ్మింది!

నేను మెట్లు దిగుతుండగా, చెట్టు వైపు నుంచి ఒక కేక వచ్చింది.

"వదినా! వదినో! చినుకులు! కాయలు తడుస్తున్నయి!"

గేదెతో కాదు, ట్రాక్టరుతో కాదు. వదినతోనే. నేను గుమ్మంలో ఆగిపోయాను. లోపల మంచం కిర్రుమంది. వాకరు టకటకమంటూ వరండాలోకి వచ్చింది. అత్త జుట్టు ముడి ఊడిపోయి ఉంది. ఒక చేత్తో వాకరు పట్టుకుని, రెండో చెయ్యి నోటి పక్కన పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి పిలిచింది.

"మస్తానమ్మా! రండర్రోయ్! వానర్రోయ్!"

ఆపరేషను తర్వాత ఆవిడ అంత గట్టిగా పిలవడం అదే మొదటిసారి. చూరులో పావురాలు లేచిపోయాయి. అవతల కూలీల కాలనీలో అన్నాల ముందు నుంచి జనం లేచి పరిగెత్తడం నాకు కనపడింది. నేనూ చెప్పులు లేకుండా పరిగెత్తాను.

టార్పాలిన్ పట్టలు మాకు చాలినన్ని లేవు. చిన్నమామయ్య ట్రాక్టరు ఎక్కి, ట్రక్కుతో సహా గిర్రున తిప్పి, ఇంటికి పోయి తన పట్టలన్నీ వేసుకొచ్చి మా కల్లంలో దింపాడు. తన కాయలు ముందురోజే బస్తాల్లోకి ఎత్తించేశాడు. అందరం తలా ఒక అంచు పట్టుకుని లాగుతున్నాం. గాలికి పట్టలు పడగలెత్తుతున్నాయి. వాన కళ్ళలో కొడుతోంది.

చెట్టు కింద నుంచి ట్రక్కు కదిలింది కదా, ఇంట్లో టీవీ బతికింది. నాకా సంగతి ఎట్లా తెలిసిందంటే, రోడ్డవతల వరండాలోంచి అత్త గొంతు వాన చప్పుడుని చీల్చుకుంటూ వచ్చింది. ఆవిడ లోపలికి పోయి టీవీ చూడటం, వరండాలోకి వచ్చి అరవడం, మళ్ళీ లోపలికి పోవడం.

"ఏమయ్యా! తూర్పు వైపు అంచు లేచిపోతోంది! రాయి పెట్టు!"

ఏళ్ళ తర్వాత మరిదితో ఆవిడ అన్న మొదటి మాట అది. చిన్నమామయ్య అరక్షణం బిత్తరపోయి, తర్వాత గొంతెత్తి "పెట్టాను వదినా!" అన్నాడు.

"పెట్టలేదు! నాకు కనపడుతోంది!"

"పెట్టానంటే! ఇదిగో, దాని మీదే నిలబడ్డా!"

"అబద్ధాలాడకు! నువ్వు పడమటి వైపు నిలబడి పంచె పిండుకుంటున్నావు!"

చిన్నమామయ్య నా వైపు చూశాడు. "ఇందాక పిండుకున్న మాట నిజమే. మీ అత్తకి ఎట్టా తెలిసిందే?" అన్నాడు. వానలో నిలబడే బొమ్మ ఆలస్యం గురించి వివరించబోయాను. ఈలోగా అత్త మళ్ళీ వచ్చింది.

"ఆ, ఇప్పుడు పెట్టావు! చెప్తే గానీ పెట్టవు!"

పక్కనే పట్ట పట్టుకుని ఉన్న మస్తానమ్మ చిన్నమామయ్యకేసి జాలిగా చూసి, "ఇన్నాళ్ళూ నేను పడింది ఇదేనయ్యా" అంది.

వాన ఎక్కువసేపు పడలేదు. గట్టు పక్కన కొన్ని కాయలు తడిశాయి, అంతే. చిన్నమామయ్య ముద్దయిపోయి మా వరండా మెట్ల దగ్గర నిలబడ్డాడు. లోపలికి రానా వద్దా అన్నట్టున్నాడు. అత్త తువ్వాలు విసిరింది. అది ఆయన భుజాన పడింది. ఆయన తల తుడుచుకుంటూ లోపలికి వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. అందులో ఆయనే ఉన్నాడు, వానకి బొమ్మ ఆలస్యం ఇంకా పెరిగిందేమో, ఇంకా కల్లంలోంచి ఇంటి వైపు నడిచొస్తూ.

"ఓర్నీ" అన్నాడు మెల్లగా. "ఇంత బట్టతలా నాది?"

అత్త ఆ రోజు నవ్వినట్టు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. నేను అప్పుడు ట్రక్కు సంగతి చెప్పాను. చిన్నమామయ్య నోరు తెరిచి "ఆ మాట గేదెకి కాకుండా నాకు చెబితే పోయేదిగా వదినా!" అన్నాడు. "గేదెకైతే అర్థమవుద్దని చెప్పా" అంది అత్త.

ట్రక్కు ఆ మర్నాటి నుంచి ఇంకో చోట ఆగడం మొదలైంది. దాంతో పాటు చిన్నమామయ్య మధ్యాహ్నం కునుకు కూడా చోటు మారింది. ఆయన భోజనం చేసి సరాసరి అత్త గదిలోకి వచ్చి, తనకని వేసుకున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఆయన రెండో కోత కాయలు పోసిన కల్లం కెమెరాలో ఒక మూల మాత్రం కనపడేది. కెమెరాని ఇంకొంచెం ఇటు తిప్పించమని ఆయనా, తన కాయలు తెగిపోతాయని ఆవిడా నన్ను ఫోనులో పంచాయితీకి కూర్చోబెట్టారు. చివరికి అత్త ఒక జానెడు తిప్పడానికి ఒప్పుకుంది, ఎడమవైపు తనవి ఒక్క కాయ కూడా పోకూడదన్న షరతు మీద. అది ఎట్లా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత అత్త దగ్గర్నుంచి ఫోన్లు తగ్గాయి. కొన్నాళ్ళకి పూర్తిగా ఆగిపోయాయి. అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని నాలో నేను మెచ్చుకున్నాను.

ఎండలు ముదిరాక ఒకసారి వెళ్ళాను. కల్లం ఖాళీగా ఉంది. మోటారు షెడ్డులో మస్తానమ్మ ఫోను మంచి చార్జరుకి వేలాడుతోంది. బోర్డుకి అసలు ఏ తీగా లేదు. ఎన్నాళ్ళయిందో ఏమో, దాని మీద సాలెగూడు కూడా ఉంది. ఇంట్లోకి పోయేసరికి వెనక గదిలోంచి తగాదా వినపడుతోంది. ఏ సంవత్సరం కాయకి రంగు బాగా వచ్చిందన్న దాని మీద. అత్త మంచం మీద కాళ్ళు చాపుకుని, చిన్నమామయ్య కుర్చీలో ఒక కాలు మడుచుకుని. ఇద్దరి ముందూ టీవీ వెలుగుతోంది. తెర నిండా నీలం రంగు, మధ్యలో కనెక్షను లేదన్న అక్షరాలు. ఇద్దరూ దానికేసే తిరిగి కూర్చుని ఉన్నారు.

"ఎన్నాళ్ళైంది అత్తా ఇది ఆగిపోయి? నాకు ఫోను చెయ్యలేదేం?" అంటూ నేను బ్యాగు కింద పెట్టి, ల్యాపుటాపు బయటికి తీశాను.

చిన్నమామయ్య గతుక్కుమని లేవబోయాడు. చూడాల్సింది ఏమీ లేని టీవీ ముందు తానెందుకు కూర్చున్నాడో ఎవరైనా అడుగుతారన్నట్టు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

అత్త నా వైపు చూడనైనా చూడలేదు. "నువ్వు ముందు కాళ్ళు కడుక్కుని అన్నం తినవే. దాని జోలికి పోకు" అంది. అని మరిది వైపు తిరిగి, నేను విన్న ఆవిడ మాటలన్నిటిలోకీ చిన్న గొంతుతో అంది.

"ఏమయ్యా, కూర్చో. మధ్యలో ఆపావు, చెప్పు."